బార్బరమ్మ తండ్రి కళ్ళు

ఎక్కడిదాకా చెప్పాను? రొట్టెల తెక్లా మా నాన్నని చూడగానే కొట్టు తలుపు వేసుకున్నదాకా కదూ. ఆ మర్నాటికి ఊరంతా అదే దారి పట్టింది. బజార్లో నాన్న ఎదురొస్తే ఆడవాళ్ళు పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు.

మా రొకాల్బా రాళ్ళ క్వారీ ఊరు. పిడుగుల్నించీ, మీద పడే బండల్నించీ కాచేది పునీత బార్బరమ్మ తల్లే కాబట్టి క్వారీవాళ్ళకి ఆవిడ తరవాతే ఎవరైనా. వాళ్ళ సంఘమే బొమ్మలేసే మా నాన్న బొనానత్ మేస్త్రీ చేత బలిపీఠం వెనక ఆరు పలకల మీద మతం కోసం ప్రాణమిచ్చిన ఆ వేదసాక్షి కథ వేయించింది. ఒప్పందంలో ఒక షరతు ఉంది: మొహాలన్నీ మేస్త్రీ తన చేత్తోనే వెయ్యాలి. కానీ రెండేళ్ళుగా నాన్న చెయ్యి వణుకుతోంది. అందుకని తలుపులు బిడాయించుకుని ప్రతి మొహమూ నేనే వేశాను. ఈ సంగతి మా ఇద్దరికీ తప్ప మూడో మనిషికి తెలీదు.

అక్కడితో ఆగుంటే ఎంత బాగుండేది! ఆఖరి పలక మిగిలింది. బార్బరమ్మని గోపురంలో పెట్టి తాళం వేసి, చివరికి కొండమీద తన చేత్తోనే తల నరికిన కన్నతండ్రి మొహం వెయ్యాలి. సరిగ్గా ఆ పూటే తెక్లా నన్ను పక్కకి పిలిచి చెవిలో వేసింది. పన్నెండేళ్ళ కిందట, మహమ్మారి వచ్చిన ఏడు, మా అక్క బ్లాంకా, నాన్న చెప్పినట్టు నిద్దట్లో హాయిగా పోలేదట. మేడగదిలో పెట్టి నాన్న బయటనించి తాళం వేశాడట. నేను ఇంటికొచ్చాను. నాన్న ఎదురుగానే ఉన్నాడు. ఒక్క మాట అడగలేదు. పలక ముందు కూర్చుని ఆ కసాయి తండ్రికి మా నాన్న మొహం దించేశాను.

ఆయనొక్కడికే తెలుస్తుందనుకున్నాను. అఘోరించినట్టే ఉంది నా తెలివి! బార్బరమ్మ పండగనాడు తెర లాగగానే గుడి గుడంతా గుర్తుపట్టింది. మొహాలు మేస్త్రీ చేత్తోనే వెయ్యాలని షరతు కదా, అంటే ఇది మేస్త్రీయే వేశాడు, అంటే కూతుర్ని చంపానని తనంతట తనే ఒప్పుకున్నాడు. అదీ ఊరు తేల్చిన తీర్పు. అది తప్పని చెప్పగలిగింది ప్రపంచంలో నేనొక్కదాన్నే. చెబితే షరతు తప్పినట్టవుతుంది, నాన్నకి మేస్త్రీ పేరు పోతుంది, మళ్ళీ ఏ ఊళ్ళోనూ కుంచె పట్టనివ్వరు. చెప్పకపోతే ఆయన కూతుర్ని చంపినవాడు. ఆదివారం పూజ కాగానే సువార్త పుస్తకం మీద చెయ్యి పెట్టి, ఆ మొహం వేసింది నువ్వేనా కాదా చెప్పమని సంఘం పెద్ద దాల్మావ్ నాన్నకి కబురు పంపాడు.

ఆ ఆదివారం తెల్లారాక, పూజకి ఇంకా చాలా టైముండగానే, నేను నాన్నకి చెప్పకుండా గుడికి వెళ్ళాను. బుట్టలో రంగు కలపడానికి రెండు గుడ్లు, రంగుల చిప్పలు, సన్న కుంచె, గిన్నెడు నీళ్ళు. ఆ మొహానికి ముక్కు మార్చి, గడ్డం పెంచి, ఎవరో ఒకడిని చేసేద్దామని. చూసినవాళ్ళ కళ్ళు మార్చలేను కదా అన్న ఇంగితం కూడా లేకపోయింది. భయపడ్డ మనిషికి బుద్ధి ఎక్కడుంటుంది?

దగ్గరికి వెళ్ళి చూద్దును కదా, కళ్ళే లేవు.

మా వైపు ఆడవాళ్ళకి ఒక అలవాటు. పూజ అయ్యాక బలిపీఠం వెనక్కి వెళ్ళి, పునీతుల్ని హింసించేవాళ్ళ బొమ్మలకి ఇంటి తాళంచెవితో కళ్ళు గీకేస్తారు, ఆ చెడ్డచూపు ఇంటిమీద పడకుండా. జోఫ్రే పాదిరి అరిచి అరిచి గొంతుపోయి ఊరుకున్నాడు. నాన్న అయితే పని చేసేటప్పుడు నవ్వేవాడు. "కసాయిల కళ్ళకి ఇంకో రెండు పూతలు దట్టించవే అమ్మాయ్, ఎలాగూ తాళంచెవుల పాలే" అనేవాడు. వేరే బొమ్మలకి ఏదో మొక్కుబడిగా ఒక గీత పెట్టి పోయారు. మా నాన్న కళ్ళని మాత్రం తవ్వేశారు. రంగు పోయింది, రంగు కింద వేసే ఆకుపచ్చ మన్ను పోయింది, దాని కింద సుద్ద కూడా లేచి చెక్క కనిపిస్తోంది.

నేను గుడ్డు పగలగొడుతూ ఏడుస్తున్నాను. సొన చేతికంతా కారింది.

"పచ్చసొన మీది పొర తీసెయ్. లేకపోతే ఉండలు కడుతుంది" అని వెనకనించి వినిపించింది.

నాన్న! ఎప్పుడొచ్చాడో, మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆదివారం తొడుక్కునే నల్లకోటు వేసుకున్నాడు. గడ్డం తనే గీసుకున్నట్టున్నాడు, రెండు చోట్ల తెగింది. ఆ వణికే చేత్తో కత్తి పట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పానో.

ఆయన లేచొచ్చి, పలక మీది తన కళ్ళగుంటలో చూపుడువేలు పెట్టి తడిమాడు.

"చెక్కదాకా దిగింది. ఇది తెక్లా పనే. దాని కొట్టు తాళంచెవి గునపమంత ఉంటుంది" అన్నాడు.

"నాన్నా, నీకు నవ్వెలా వస్తోంది?"

"ఏడుపు నువ్వు ఏడుస్తున్నావుగా. ఇద్దరం ఏడిస్తే గుడ్డు ఎవరు కలుపుతారు?"

అప్పుడడిగాను, ఇన్నాళ్ళూ నోట్లో నానుతున్న మాట. "పలకకి వార్నీషు పూసేటప్పుడు చూశావు కదా. నీ మొహమేనని తెలీలేదా? నన్ను ఒక్క దెబ్బ వేసి చెరిపించొచ్చు కదా. ఎందుకు ఊరుకున్నావు?"

నాన్న వెనక్కి రెండడుగులు వేసి పలకని చూశాడు, ఎవరో పరాయి మేస్త్రీ పని చూస్తున్నట్టు.

"ఆరు పలకల్లోనూ నువ్వు వేసిన మొహాల్లో అదే మేలైంది" అన్నాడు. "బార్బరమ్మకి పెట్టిన మూతి కొంచెం బిగుసుకుంది. న్యాయాధిపతి గుడ్లప్పగించిన చేపలా ఉన్నాడు. ఆ తండ్రి మొహం ఉంది చూశావూ, అలాంటిది నా చెయ్యి బాగున్న రోజుల్లో కూడా నాకు పడలేదు. మేస్త్రీగా దాన్ని చెరపమనడానికి మనసొప్పలేదు. ఇక తండ్రిగా అంటావా, ఆ హక్కు నాకుందో లేదో నాకే తెలీలేదు."

"అయితే తెక్లా చెప్పింది నిజమేనన్నమాట."

"ఏం చెప్పింది?"

"తాళం వేశావని."

"వేశాను."

కాదంటాడని ఎంత ఆశపడ్డానో ఆ మాట వినేదాకా నాకే తెలీదు. బలిపీఠం పక్కన చతికిలబడ్డాను.

నాన్న నా పక్కనే కూర్చున్నాడు. పనిలో పాఠం అడిగినట్టు అడిగాడు.

"నీలపు రాయి ఎంతసేపు నూరాలే?"

"ఇప్పుడదెందుకు నాన్నా?"

"చెప్పు."

"గరుగ్గా ఉండగానే ఆపెయ్యాలి. మెత్తగా నూరితే నీలం చచ్చిపోయి బూడిదరంగుకొస్తుంది."

"నీకు ఎనిమిదేళ్ళప్పుడు మొదటిసారి నీలం నూరించాను. ఎంతసేపు నూరావు?"

నాకా తెలీనిది! ఆ రోజు గురించి నేను చెప్పని మనిషి ఊళ్ళో లేడు. మహమ్మారి రోజులు, ఎవర్నీ బయటికి పోనివ్వట్లేదు. అక్కకి ఒంట్లో బాగాలేదు, పడుకుంది, మేడెక్కకు అన్నాడు నాన్న. అన్ని రంగుల్లోకీ ఖరీదైన నీలపురాయి తెచ్చి, పిల్లదాన్నైన నా ముందు పెట్టి, పాలరాతి బండ మీద నూరమన్నాడు. పొద్దున్నించి పొద్దుగూకేదాకా నూరాను. చేతులు నొప్పన్నా ఆపనివ్వలేదు. పక్కనే కూర్చుని పాట పాడాడు. నాన్న గొంతెత్తి పాడగా నేను విన్నది ఆ ఒక్క రోజే. చివరికి ఆ నీలమంతా పొయ్యిలో బూడిదలా తేలిపోయింది. ఒక్క మాట అన్లేదు నన్ను. అంత ఖరీదైన రంగు పాడుచేసినా మా నాన్న పల్లెత్తు మాట అన్లేదు తెలుసా అని అందరికీ గొప్పగా చెప్పుకునేదాన్ని. నా చిన్నతనంలో అంత సంతోషమైన రోజు ఇంకోటి లేదు.

"మేస్త్రీ కూతురివి. ఎంతసేపు నూరాలో తెలిశాక కూడా, నాన్న నాచేత అలా ఎందుకు నూరించాడని ఇన్నేళ్ళలో ఒక్కసారీ అనుకోలేదూ?" అన్నాడు నాన్న.

రాతి మీద రాయి చప్పుడు. పక్కనే పాట. నాకు అర్థమైంది. అర్థం కాకుండా ఉంటే బాగుండని అంతలా ఎప్పుడూ అనుకోలేదు.

"అక్క తలుపు కొట్టిందా?" అన్నాను.

"కొట్టింది."

"ఏమంది?"

"దాహం నాన్నా అంది. పైకప్పు మీంచి తాడు కట్టి కూజాని దాని కిటికీకి దించాను. పట్టుకోలేకపోయింది, కింద పడి పగిలింది. తరవాత, చెల్లిని, సౌరీనాని, పైకి రానివ్వకు నాన్నా అంది. ఆ తరవాత మళ్ళీ తలుపు తియ్యి, తియ్యి అంది." నాన్న వేలికంటిన సుద్ద కోటుకి తుడుచుకున్నాడు. "అలాంటప్పుడు మనిషి ఒక్క మాట మీద ఉండదమ్మా. మూడు మాటలన్నది అది. నేను మధ్య మాట పట్టుకున్నాను. నాకు కావాల్సింది అదే కాబట్టి. నువ్వు నా దగ్గరున్నావు, నీకు జ్వరం లేదు, ఒళ్ళు చల్లగా ఉంది. ఇద్దర్లో ఒకరు దక్కుతారనుకున్నాను. అది తప్పో ఒప్పో పన్నెండేళ్ళుగా దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను, ఆయన నాకు చెప్పలేదు. నువ్వు చెప్పావు, పలక మీద."

"నాన్నా, నన్ను కొట్టు."

"ఎందుకే?"

"నోటితో అడగాల్సింది. నిన్ను కూర్చోబెట్టి అడిగితే పోయేది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చాను."

"నేనూ చెప్పాల్సింది. పన్నెండేళ్ళు ఉంది కదా టైము" అన్నాడు నాన్న. నా తలమీద చెయ్యి వేశాడు. ఆ వణుకు నా నెత్తిమీద తెలుస్తూనే ఉంది. "అయినా ఆ కళ్ళు తవ్వినవాళ్ళు నా మీద కోపంతోనే తవ్వారనుకోకు. ఆ ఏడు ఈ ఊళ్ళో తాళం పడని ఇల్లు ఏది? తెక్లా మొగుణ్ణి కొట్టుగదిలో పెట్టింది. దాల్మావ్ తన తల్లిని కొండమీది పాకలో దింపొచ్చాడు. తిలాపాపం తలా పిడికెడు. ఒక్కడి మొహం పలకమీద కనిపించేసరికి అందరి తాళంచెవులూ వాడి మీదికే లేచాయి."

నేను కళ్ళు తుడుచుకుని లేచాను. "సరే, పద. వాళ్ళు రాగానే నేనే చెప్పేస్తాను. వేసింది నేనని."

"నోరుముయ్యి."

"నాన్నా..."

"నోరుముయ్యమన్నానా! నా చెయ్యేనని ప్రమాణం చేస్తాను. దొరగారి అధికారి పిలిపిస్తాడు, తాళం వేసిన మాట నిజమంటాను. మహా అయితే ఊరినించి తరుముతారు. పోదాం. మేస్త్రీ పేరు నాకుంటే, ఇంకో ఊళ్ళో నా వెనకాల కూర్చుని నువ్వు బొమ్మలేసుకోవచ్చు. ఆ పేరే పోతే నువ్వు వంటింట్లో గరిటె తిప్పుకోవాల్సిందే. ఒక పిల్లని ఎలాగూ దక్కించుకోలేకపోయాను. దక్కినదాని చెయ్యి అయినా దక్కనీ."

మాట ఇవ్వమని అడిగాడు. ఇచ్చేలోపే పూజ గంట కొట్టారు, జనం లోపలికి రావడం మొదలైంది. నేను మాట ఇవ్వలేదు. అది మాత్రం బాగా గుర్తు.

పూజ ఎలా జరిగిందో నాకు తెలీదు. అయ్యాక ఒక్కళ్ళూ కదల్లేదు. క్వారీవాళ్ళంతా ముందు వరసల్లో నిలబడ్డారు. దాల్మావ్ మంచి మనిషే, రాయిలాంటి మంచితనం, అటూ ఇటూ వంగదు. జోఫ్రే పాదిరి సువార్త పుస్తకం తెచ్చి నాన్న ముందు పట్టాడు. ఆయనా నాన్నా చిన్నప్పణ్ణించీ స్నేహితులు. ఆ రోజు ఆయన నాన్న మొహంలోకి చూడలేకపోయాడు.

"మేస్త్రీ, ఆ తండ్రి మొహం వేసింది నీ చెయ్యేనా?" అన్నాడు దాల్మావ్.

నాన్న కుడిచెయ్యి పుస్తకం మీద పెట్టాడు. అది గడగడా వణికింది. ఎడమచేత్తో పట్టుకుని అదిమాడు, అయినా వణికింది.

"నా చెయ్యే. ఈ ఆరు పలకల మీది ప్రతి మొహమూ నేనే వేశాను. దేవుడి సాక్షి."

"చూడండర్రా ఎలా వణుకుతోందో! పాపం చేసిన చెయ్యి దాక్కుంటుందా?" అని తెక్లా గొంతు చించుకుంది.

ఆ మాట అనకపోయుంటే నేను ఊరుకునేదాన్నేమో. ఇప్పటికీ అనుకుంటాను, తెక్లా ఆ ఒక్క మాట మింగేసి ఉంటే అని. తప్పంతా దాని మీదకి తొయ్యడానికి కాదు. నాకు నోటిదురుసు, కళ్ళెం లేని గుర్రం. ఆ చెయ్యి ఎందుకు వణుకుతోందో నాకు తెలుసు. పగలూ రాత్రీ నాకు తిండి పెట్టి, పని నేర్పి, అరిగిపోయిన చెయ్యి అది.

"అది రోగం!" అని అరిచాను. "రెండేళ్ళ రోగం! ఆ చెయ్యి గీత గియ్యలేదు, మొహమేం వేస్తుంది? వేసింది నేను. అన్నీ నేనే వేశాను!"

"సౌరీనా!" అన్నాడు నాన్న.

జనం గొల్లుమన్నారు. "తండ్రిని కాపాడుకోడానికి పిల్ల పడుతున్న పాట్లు!" అని ఎవరో నవ్వారు. "అవునే, నువ్వేశావు, పలకలు పిట్టలు మోసుకొచ్చాయి" అంది తెక్లా.

దాల్మావ్ మాత్రం నవ్వలేదు. నా బుట్ట చూశాడు, కుంచె చూశాడు, గీకేసిన కళ్ళు చూశాడు.

"మాటలొద్దు పిల్లా. ఆ కళ్ళు మళ్ళీ వెయ్యి. ఇక్కడే, మా అందరి ముందే."

నాన్న నా చెయ్యి పట్టుకుని ఆపబోయాడు. విడిపించుకున్నాను. గుంటల్లో గుడి వత్తుల మైనమూ, కింద రాలిన సుద్దా కూరి అద్దాను, ఆకుపచ్చ మన్ను రాశాను, దాని మీద తేనెరంగు ఎక్కించాను. నా వెనక రెండువందలమంది నిలబడి చూస్తున్నారు. నాకేం భయం వెయ్యలేదు. మొదటిసారి కోపంతో వేశాను, చూడకుండా. ఈసారి ప్రతి గీతకీ వెనక్కి తిరిగి నాన్నని చూసి వేశాను. పొద్దున నా పక్కన కూర్చుని "మధ్య మాట పట్టుకున్నాను" అన్నప్పటి కళ్ళు. బొమ్మలో కత్తి చేతిలో ఉంది, కానీ ఆ కళ్ళు కూతురి తల వైపు చూడట్లేదు. ఎటు చూడాలో తెలీక మన వైపు చూస్తున్నాయి.

కుంచె దించాను. తెక్లా నడుం దగ్గరి తాళంచెవి గుప్పిట్లోకి లాక్కుని నేల చూపులు చూసింది. ముందు వరసలో ముసలి రాళ్ళపనివాడు ఒకడు శిలువ గుర్తు వేసుకున్నాడు.

దాల్మావ్ చాలాసేపు చూశాడు. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. తల్లి గుర్తొచ్చిందో ఏమో.

"నీ చెయ్యే" అన్నాడు. "ఒప్పుకున్నాను. ఈ బొమ్మ మేస్త్రీ ఒప్పుకోలు కాదు. కూతుర్ని చంపాడన్న మాట ఇక ఈ ఊళ్ళో ఎవడూ ఎత్తకూడదు."

గెలిచాననుకున్నాను. నిజంగా, ఒక్క క్షణం, గెలిచాననే అనుకుని నాన్న వైపు తిరిగి నవ్వాను. నాన్న నవ్వట్లేదు. జోఫ్రే పాదిరి మొహం మైనపువత్తిలా పాలిపోయింది. ఇంకా ఆ పుస్తకం చేతిలోనే ఉంది.

"వద్దు దాల్మావ్. ఆ మాట ఎత్తకు" అన్నాడు పాదిరి.

"నేనెత్తకపోతే ఎవరూ వినలేదంటారా గురువుగారూ? రెండువందలమంది విన్నారు." దాల్మావ్ మా నాన్న వైపు తిరిగాడు. చెప్పడానికి ఎంత కష్టపడ్డాడో నాకిప్పటికీ కనిపిస్తుంది. "మేస్త్రీ, సువార్త మీద అబద్ధం ఆడావు. దొరగారి చట్టం నీకూ తెలుసు, నాకూ తెలుసు. పుస్తకం మీద పెట్టిన చెయ్యి మణికట్టుదాకా తీసేస్తారు. అధికారికి కబురు పంపక నాకు తప్పదు."

"ఎలాగూ పనికిరాని చెయ్యేలే. తీసుకోనీ" అన్నాడు నాన్న.

నేను దాల్మావ్ కాళ్ళమీద పడ్డాను. ఆయన అబద్ధం ఆడలేదని అన్నాను, నేనే అబద్ధం ఆడానని అన్నాను, మొహం నాన్నే వేశాడని ఏడుస్తూ ఒట్టు వేశాను. దాల్మావ్ వంగి నన్ను భుజాలు పట్టుకుని లేపాడు. ఆయన చేతులకి నా రంగు అంటుకుంది.

"ఇప్పుడేం లాభం తల్లీ" అన్నాడు. "రుజువు చేసింది నువ్వే కదా."